ఆ ఆరు కాపీలూ మీ ఆఫీసులోనే తీయించండి

తెలంగాణలోనూ ఆంధ్రాలోనూ ఉన్న కాలేజీల ప్రిన్సిపాళ్లకు, హాస్టల్ వార్డెన్లకు, ముఖ్యంగా ఐసీసీ అని మనం పిలుచుకునే అంతర్గత ఫిర్యాదుల కమిటీలో పేరున్న ప్రతి మేడంకీ, సార్‌కీ,

నమస్కారం. నేను లాయర్నీ కాదు, డాక్టర్నీ కాదు. లైంగిక హింసకు గురైన విద్యార్థులు సాయం కోసం ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లలో ఒకదాన్ని. వాళ్లు మొదటిసారి నోరు విప్పినప్పుడు వినడం, ఆస్పత్రికో స్టేషన్‌కో మీ ఆఫీసుకో తోడు వెళ్లడం, లోపలికి రానివ్వకపోతే బయట బెంచీ మీద కూర్చోవడం, ఇదే నా పని. బెంచీ మీద కూర్చునే పనే ఎక్కువ. అక్కడ కూర్చుంటే చాలా కనబడతాయి, చాలా వినబడతాయి. అవే రాస్తున్నా. ఎవరినీ గుర్తుపట్టకుండా ఊళ్లూ కోర్సులూ మార్చేశాను కాబట్టి "ఇది మా కాలేజీ గురించేనా" అని ఆరా తీయొద్దు. చదువుతుంటే మీకే ఆ అనుమానం వచ్చిందంటే మాత్రం అది మీరే తేల్చుకోవాల్సిన సంగతి.

ముందు జిరాక్స్ గొడవ చెబుతా.

డిగ్రీ రెండో ఏడు అమ్మాయి. ల్యాబ్‌లో రికార్డు దిద్దే వంకతో ఒక లెక్చరర్ చేసే పనులు భరించలేక, పది రోజులు నిద్రపోక, చివరికి ధైర్యం చేసి ఐసీసీ మేడం దగ్గరికి వెళ్లింది. మేడం మంచావిడే. తిట్టలేదు, అనుమానించలేదు. "కంప్లైంట్ ఆరు కాపీలు ఉండాలమ్మా, రూల్, తీయించుకుని రా" అంది, అంతే. ఆ పిల్ల గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకి వెళ్లింది. పరీక్షల ముందు రోజులు, హాల్ టికెట్ల కోసం ఒకటే జనం. షాపతను కాగితం అందుకుని అలవాటుగా పైనుంచి కిందికి ఒక చూపు చూశాడు. తర్వాత ఆ పిల్ల మొహంలోకి చూశాడు. మొదటి కాపీ వంకరగా వచ్చిందని తీసి పక్కనున్న అట్టపెట్టెలో పడేసి, మిగతా ఆరూ తీసి, పిన్ను కొట్టి ఇచ్చాడు. వెనక నిలబడ్డ ఇద్దరూ ఆమె క్లాసువాళ్లే. "ఆ పాడైన కాపీ ఇచ్చేయన్నా అని అడగాలనుకున్నా అక్కా, నోరు రాలేదు" అని నాతో చెప్పింది. సాయంత్రానికి హాస్టల్లో తెలిసిపోయింది. ఎవరి నోటి నుంచి పాకిందో మనకి తెలీదు, తేల్చేవాళ్లూ లేరు. మర్నాడు పొద్దున్నే వెళ్లి కంప్లైంట్ వెనక్కి తీసేసుకుంది.

ఆరు కాపీలని రూల్స్‌లో ఉన్న మాట నిజమే, పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను ఆపడానికి తెచ్చిన 2013 నాటి చట్టం కింద చేసిన రూల్స్‌లో ఉంది. కానీ ఆ జిరాక్స్ ఆ అమ్మాయే బయటికెళ్లి తీయించుకోవాలని ఎక్కడుంది? మీ ఆఫీసులో మిషన్ లేదా? ఫీజు రసీదులకి, కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్లొచ్చినప్పుడు చూపించే ఫైళ్లకి రాత్రింబవళ్లు తిరిగే మిషన్ ఇలాంటి ఆరు కాగితాలు తీయలేదా? పైగా అదే చట్టం తొమ్మిదో సెక్షన్లో ఇంకో మాట ఉంది: ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వలేని మనిషికి రాయడంలో సాయం చేయాల్సింది కమిటీయే. మీలో కొందరు కాపీల రూల్ చదివారు గానీ ఈ ముక్క దగ్గర పేజీ తిప్పేశారు.

రాయడం సంగతి ఎత్తాను కాబట్టి ఇంకొకటి. మన పిల్లలకి లెటర్ అంటే లీవ్ లెటరే తెలుసు. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన ఒక అమ్మాయి నాకు తన డ్రాఫ్ట్ చూపించింది. పైన కుడివైపు తేదీ, ఎడమవైపు "టు ది ప్రిన్సిపాల్", కింద "రెస్పెక్టెడ్ సర్, ఐ బెగ్ టు స్టేట్". సబ్జెక్ట్ దగ్గర "రిగార్డింగ్ మై ప్రాబ్లమ్" అని రాసింది. జరిగినదంతా నాలుగు ఇంగ్లీషు లైన్లలో ఇరికించింది, ఎందుకంటే ఐదో లైనుకి ఇంగ్లీషు చాలలేదు. తెలుగులో రాయొచ్చమ్మా అని చెబితే "నిజంగానా అక్కా, తీసుకుంటారా" అంది. కూర్చుని తెలుగులో రాస్తే పదకొండు పేజీలు వచ్చింది. తేదీలు, టైములు, అతను పంపిన మెసేజ్‌లు, పక్కన ఎవరున్నారు, అన్నీ ఉన్నాయి. నాలుగు లైన్లు చూసి "ఏముందమ్మా ఇందులో, మరీ వేగ్‌గా ఉంది" అనేవాళ్లు ఈ పదకొండు పేజీల గురించి కూడా ఆలోచించాలి. నోటీసు బోర్డు మీద "ఫిర్యాదు తెలుగులో, ఉర్దూలో, మీకు వచ్చిన భాషలో ఇవ్వొచ్చు" అని ఒక్క లైను పెట్టడానికి ఏ జీవో కావాలి?

ఇప్పుడు అసలు విషయం. ఒక అమ్మాయి వచ్చి మీ ఎదురుగా కూర్చున్న మొదటి అరగంటలోనే దాదాపు అంతా తేలిపోతుంది. కేసు కాదు, ఆ అమ్మాయి మళ్లీ ఎవరితోనైనా మాట్లాడుతుందా లేదా అన్నది. ఇది నేను మిమ్మల్ని చూసి నేర్చుకున్నది కాదు, నేనే తప్పు చేసి నేర్చుకున్నా. పనిలో చేరిన కొత్తలో ఒక అమ్మాయి నాలుగు నెలల కిందటి విషయం చెబుతుంటే, చాలా ప్రేమగానే, తల మీద చెయ్యి వేసి మరీ, "అప్పుడే ఎందుకు చెప్పలేదు నాన్నా" అన్నాను. అంతే. చెప్పడం ఆపేసింది. వాటర్ బాటిల్ మూత తిప్పుతూ కూర్చుంది, బిగించడం, విప్పడం, బిగించడం. తర్వాత మూడు వారాలు ఫోన్ ఎత్తలేదు. ప్రేమగా అడిగినా ఎందుకు అన్న మాట వినేవాళ్లకి నేరం మోపినట్టే ఉంటుంది. ఎందుకు వెళ్లావు, ఎందుకు అరవలేదు, ఎందుకు అతని మెసేజ్‌కి స్మైలీ పెట్టావు. లెక్చరర్ చేతిలో ఇంటర్నల్ మార్కులున్నప్పుడు స్మైలీ పెట్టక ఏం పెడుతుంది?

ఎందుకు అరవలేదు అనే ప్రశ్న మన దేశంలో ఎంత దూరం వెళ్లిందో గుర్తు చేస్తాను. 1972లో మహారాష్ట్ర దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషన్లో ఒక ఆదివాసీ అమ్మాయి మీద కానిస్టేబుళ్లే అత్యాచారం చేశారన్న కేసు. 1978లో సుప్రీంకోర్టు ఒంటి మీద గాయాల్లేవు, గట్టిగా ఎదిరించిన ఆనవాళ్లు లేవు అని నిందితులను వదిలేసింది. మరుసటి ఏడు ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగమ్‌వార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు లా అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడానికీ ఒప్పుకోవడానికీ తేడా లేదా అని అడిగారు. ఊరూరా ఆడవాళ్లు రోడ్డెక్కారు, 1983లో చట్టం మారింది. కాలేజీ టీచర్లు రాసిన ఉత్తరం అది. మీరూ కాలేజీ టీచర్లే కదా అని గుర్తొచ్చి చెబుతున్నా. భయంతో మనిషి కొయ్యబారిపోవడం, గొంతు పెగలకపోవడం ప్రతి ఊళ్లో ప్రతి ఇంట్లో తెలిసిన సంగతే. పాము కనబడితే కాళ్లు కదలవంటాం, ఎవరూ సాక్ష్యం అడగరు. ఇక్కడికి వచ్చేసరికే మనకి అనుమానం పుడుతుంది.

సరే, ఆ అరగంటలో మేం ఏం చేస్తామో చెబుతా, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఫోనైతే ముందు "ఇప్పుడు ఎక్కడున్నావు, పక్కన ఎవరైనా ఉన్నారా, మాట్లాడటానికి వీలుందా" అని అడుగుతాం. ఎదురుగా వస్తే తలుపు కనబడేలా కూర్చోబెడతాం, ఆమెకీ తలుపుకీ మధ్య మనం ఉండకూడదు. నీళ్లిస్తాం. ఏదైనా తిన్నావా అని అడుగుతాం, చాలాసార్లు తిని ఉండరు. తర్వాత, ఆమె మొదలుపెట్టక ముందే, మేం దాచగలిగేదేంటో దాచలేనిదేంటో చెప్పేస్తాం. ఇది చాలామంది వదిలేస్తారు. పద్దెనిమిది నిండకపోతే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లెవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే మన మీదే కేసు అవుతుంది. ఇంటర్ పిల్లలు, పాలిటెక్నిక్ పిల్లలు, చాలాసార్లు డిగ్రీ మొదటి ఏడు పిల్లలు కూడా ఆ వయసులోనే ఉంటారు. "ఎవరికీ చెప్పనమ్మా, ఒట్టు" అని మొత్తం విని, ఆ తర్వాత స్టేషన్‌కి ఫోన్ చేస్తే ఆ పిల్ల జీవితంలో ఇంకొకరిని నమ్మదు. ముందే చెప్పండి. చెప్పాక కూడా చాలామంది మాట్లాడతారు, నేను చూశాను.

ఆ తర్వాత గడియారం. జరిగింది నిన్నో మొన్నో అయితే ఉత్తరాలూ కాపీలూ పక్కన పెట్టి ఆస్పత్రి సంగతి చూడాలి. గర్భం రాకుండా మాత్ర, హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందు, ఇవి ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, హెచ్ఐవీ మందు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అప్పుడు వేసుకున్న బట్టలు ఉతకొద్దు, ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితం సంచిలో పెట్టమనాలి. ప్రైవేటు ఆస్పత్రైనా సరే డబ్బు అడక్కుండా వెంటనే వైద్యం చేయాలని చట్టం చెబుతోంది. పోలీసులకు కబురు పంపడం కూడా ఆస్పత్రి బాధ్యతే కాబట్టి ఆ సంగతి ఆటోలో వెళ్తుండగానే ఆమెకు చెప్పాలి, అక్కడ ఖాకీ చొక్కా కనబడి ఉలిక్కిపడేలా చేయకూడదు. ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి, "మా పరిధి కాదు" అనడం కుదరదు. ఒక హాస్టల్లో శుక్రవారం రాత్రి చెప్పిన పిల్లని "సోమవారం ప్రిన్సిపాల్ సార్ వచ్చాక చూద్దాం, ఇప్పుడు పడుకో" అన్నారు. వార్డెన్ గారికి సోమవారం అంటే రెండు రోజులే. 72 గంటల లెక్క ఆవిడకి తెలీదు, ఎవరూ చెప్పలేదు. ఆవిడని తిట్టి లాభం లేదు, చెప్పాల్సిన మీరు చెప్పలేదు.

ఇంక ఒకే కథ ఎన్నిసార్లు చెప్పించడం. ఒక ఇంజినీరింగ్ అమ్మాయి విషయంలో నేను వేళ్ల మీద లెక్కపెట్టా. రూమ్మేట్‌కి చెప్పింది, అది సరే. తర్వాత క్లాస్ ఇంచార్జ్, హెచ్ఓడీ, వార్డెన్, వైస్ ప్రిన్సిపాల్, ప్రిన్సిపాల్, అప్పుడు ఐసీసీ. ప్రతి ఒక్కరూ "పూర్తిగా చెప్పమ్మా, మొదటి నుంచి" అన్నవాళ్లే, చివర్లో "ఇది నా పరిధి కాదు, పైన చెప్పు" అన్నవాళ్లే. పరిధి కాదని తెలిసినప్పుడు పూర్తిగా ఎందుకు విన్నారు? రెండు మాటలు వినగానే "ఆగమ్మా, ఇది ఫలానా మేడంకి చెప్పాలి, నేను తీసుకెళ్తా పద" అంటే సరిపోయేది. ఆమె ఒకసారి చెబుతుంది, ఒకరు ఆమె మాటల్లోనే రాసుకుంటారు, చదివి వినిపించి సంతకం తీసుకుంటారు. ఆ తర్వాత ఎవరికి కావాలన్నా ఆ కాగితం చదువుకోవాలి. ఏడుసార్లు చెబితే ఏడుసార్లూ ఒక్కలాగే ఎవరు చెప్పగలరు? ఒకసారి టైం మారుతుంది, ఒకసారి చొక్కా రంగు మారుతుంది. తర్వాత విచారణలో "అక్కడ అలా చెప్పావు, ఇక్కడ ఇలా చెబుతున్నావు" అని ఆ తేడాలే పట్టుకుంటారు. ఆ తేడాలకి కారణం మనం.

అమ్మానాన్నల విషయానికొస్తే, ఇక్కడ నా కోపం దాచుకోలేను. పద్దెనిమిది దాటిన అమ్మాయిని అడక్కుండా ఇంటికి ఫోన్ చేసి "మీ అమ్మాయి విషయం ఒకటుంది, వెంటనే రండి" అనడం. ఆ తండ్రి నల్గొండ నుంచో ఒంగోలు నుంచో బస్సెక్కి, ఏమైందో తెలియక ఆ నాలుగైదు గంటలూ గుండె చేత్తో పట్టుకుని వస్తాడు. మీ గదిలో అంతమంది ముందు తలొంచుకుని వింటాడు. రెండో రోజు టీసీ, రెండో నెల సంబంధాలు. ఆ లెక్చరర్ మాత్రం అదే ల్యాబ్‌లో రికార్డులు దిద్దుతుంటాడు. మీరు బాధ్యతగానే చేశాం అనుకుంటారు, నాకు తెలుసు. తల్లిదండ్రుల్లో నిలబడేవాళ్లు ఉన్నారు, కూతురితో పాటు స్టేషన్ మెట్లెక్కిన అమ్మలను చూశాను. కానీ ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాలో ఆ అమ్మాయిని అడగండి. "అమ్మకి చెప్పొచ్చు, నాన్నకి ఇప్పుడే వద్దు", "మా పిన్నికి చెబుతా" అని చాలా స్పష్టంగా చెబుతారు. వాళ్ల ఇల్లు వాళ్లకి తెలుసు.

రాజీ గురించి రెండే మాటలు. అమ్మాయి తనంతట తాను అడిగితే తప్ప రాజీ ప్రయత్నం చేయకూడదు, అప్పుడు కూడా డబ్బు మాట ఉండకూడదు, ఇది అదే 2013 చట్టంలో పదో సెక్షన్. "వాడి భవిష్యత్తు కూడా చూడాలి కదమ్మా, క్షమాపణ చెప్పిస్తా" అని మీరే మొదలుపెడితే అది పంచాయితీ. కమిటీ పని అది కాదు.

మీ చేతిలో నిజంగా ఉన్నవి వేరే. యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, వాళ్ల 2015 రెగ్యులేషన్స్ తీసి మధ్యంతర ఉపశమనం అన్న చోట చదవండి. విచారణ తేలేదాకా అతను ఆమె పేపర్లు దిద్దకుండా, వైవా తీసుకోకుండా ఆపొచ్చు. క్లాసు సెక్షన్ మార్చొచ్చు, ఆమెదే మార్చాలని లేదు, అతన్నీ పక్కన పెట్టొచ్చు. మూడు నెలల దాకా ఆమెకు సెలవు ఇప్పించొచ్చు, ఏ హక్కూ పోకుండా. మన పిల్లలకి ఇది ప్రాణం లాంటిది, ఎందుకంటే హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి మళ్లీ హాజరే అడుగుతారు. ఒక అమ్మాయికి ఏడుపు, ఆస్పత్రి, స్టేషన్ అన్నీ అయ్యాక చివరికి చదువు మాన్పించింది 68 శాతం హాజరు. తగ్గిన హాజరు మాఫీ చేయడానికి కండొనేషన్ ఫీజు కట్టమన్నారట. కౌన్సెలింగ్ సెంటర్లూ రంగు రంగుల పోస్టర్లూ తర్వాత, ముందు ఆ హాజరు సంగతి చూడండి.

అబ్బాయిలూ వస్తారు. తక్కువ మందే, కానీ వస్తారు. హాస్టల్లో సీనియర్లు ర్యాగింగ్ పేరుతో చేసినవాటిని "సరదా" అని నవ్వేసే వార్డెన్లు ఈ ఉత్తరం చదువుతుంటే, యూజీసీ నిబంధనల్లో మగ విద్యార్థులు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు కూడా ఉన్నారని చెప్పి ముందుకెళ్తా.

ఇదంతా విని "మీరెప్పుడూ అమ్మాయిల వైపే" అనేవాళ్లు ఉంటారు. అయితే గోవా విశ్వవిద్యాలయం కేసు చూడండి. 2009లో విద్యార్థినులు ఒక శాఖాధిపతి మీద ఫిర్యాదు చేశారు. కమిటీ 39 రోజుల్లో 18 సార్లు కూర్చుని పరుగులు పెట్టి ముగించింది, ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. 2023 మేలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఆయన ఏ తప్పూ చేయలేదని కాదు, సమాధానం చెప్పుకునే అవకాశం సరిగా ఇవ్వలేదని. మళ్లీ విచారణ చేయమంది. ఆ అమ్మాయిల వైపు నుంచి ఆలోచించండి, పద్నాలుగేళ్లు గడిచాక మళ్లీ మొదటికి. యూజీసీ నిబంధనల ప్రకారం ఏడు రోజుల్లో ఫిర్యాదు కాపీ అతనికి పంపాలి, పది రోజుల్లో జవాబు తీసుకోవాలి, 90 రోజుల్లో విచారణ ముగించాలి. పద్ధతిగా చేయమని నేను అడిగేది అమ్మాయి కోసమే. మీరు బద్ధకించినా, మరీ హడావిడి పడినా నష్టపోయేది ఆమే.

చివరిగా మీ నోటీసు బోర్డు. విద్యార్థుల కేసైతే కమిటీలో ముగ్గురు విద్యార్థులు ఉండాలి, వాళ్లు ఎన్నికై రావాలి. ప్రిన్సిపాల్ గారు పిలిచి "నీ పేరు వేస్తున్నా" అంటే ఎన్నిక కాదు. హెచ్ఓడీలు, డీన్లు కమిటీలో ఉండకూడదని అక్షరాలా రాసి ఉంది. బయటి సభ్యురాలు మీ కరస్పాండెంట్ గారి మరదలు కాకుండా ఉంటే బావుంటుంది. కింద ఎర్ర సిరాతో "తప్పుడు ఫిర్యాదులపై కఠిన చర్యలు" అని పెడతారు చూడండి, దాని పక్కనే 2013 చట్టంలోని అదే సెక్షన్లో ఉన్న రెండో సగం కూడా పెట్టండి: రుజువు చేయలేకపోయినంత మాత్రాన చర్య ఉండదు. బోర్డు మీద 181 మహిళా హెల్ప్‌లైన్, పిల్లల హెల్ప్‌లైన్ 1098, ఎమర్జెన్సీ 112 నంబర్లు పెద్ద అక్షరాల్లో వేయండి, బాత్రూమ్ తలుపు లోపలి వైపు కూడా అంటించండి. బోర్డు ముందు నిలబడి నంబరు రాసుకునే ధైర్యం అందరికీ ఉండదు.

తర్వాత మీ ఫోన్లోంచి కాకుండా, ఎవరిదైనా తెలియని నంబర్లోంచి, మీ బోర్డు మీదున్న ఐసీసీ నంబరుకి ఒకసారి ఫోన్ చేసి చూడండి. గత నెల నేను ఒక కాలేజీ బోర్డు మీది నంబరుకి చేశాను. ఐదు రింగులకి ఎత్తారు. పాపం మర్యాదగానే మాట్లాడారు. "నేను ఆ కాలేజీ నుంచి ట్రాన్స్‌ఫరై రెండేళ్లయిందమ్మా. నా నంబరు తీసేయమని అప్పుడే చెప్పాను. మొన్న కూడా ఎవరో అమ్మాయి చేసింది, ఏడుస్తోంది, ఏం చెప్పాలో తెలియక పెట్టేశాను" అన్నారు.

ఆ అమ్మాయి ఎవరో ఆవిడకి తెలీదు, నాకూ తెలీదు. కాలేజీకి మాత్రం చెప్పాను. బోర్డు మారుస్తామన్నారు. ఈ ఉత్తరం రాసేటప్పటికి ఇంకా మార్చలేదు.

ఇట్లు,
మీ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చునే ఒకామె